నీడతో కొలిచిన బొగ్గుకుప్ప

ఏటికి ఇవతల అడవిదున్నల రాజ్యం, అవతల అడవిపందుల రాజ్యం. రెండుచోట్లా కాస్త లోతుగా తవ్వితే చాలు, బొగ్గే బొగ్గు. చలికాలం నెగళ్లకోసం ఎవరి బొగ్గు వాళ్లు తవ్వి కుప్ప పోసుకునేవారు. అసలు తగువు మాత్రం ఏటి మధ్యనున్న మడుగు దగ్గర. ఎండాకాలంలో అందులో నీళ్లు ఒక్క రాజ్యానికే సరిపోతాయి. అందుకని ఎవరి కుప్ప పెద్దదైతే ఆ ఏడు మడుగు వాళ్లదని పూర్వం పెద్దలు ఒప్పందం చేసుకున్నారు. ఓడినవాళ్లు రెండు కొండలు దాటి పెద్దనది దాకా నడవాల్సిందే.

కొలిచే పని నక్కాయనది. బొగ్గు మీదికెక్కితే ఒళ్లు నల్లబడుతుందని ఆయన కుప్పల నీడలను అడుగులతో కొలిచేవాడు. కూలి కూడా అదే పద్ధతిలో పుచ్చుకునేవాడు. ఆయన నీడ ఎంత పొడవుంటే అంత పొడవునా ఓడినవాళ్లు పీతలు పేర్చాలి. పొద్దు వాలాక తీరిగ్గా వచ్చి, ఒళ్లు సాచి నిలబడేవాడు.

మూడేళ్లుగా పందులదే గెలుపు. వాళ్ల కుప్ప నీడ మొదటి ఏడు ముప్పై అడుగులు, తర్వాత నలభై, కిందటేడు యాభై. దున్నలది ఎప్పుడు చూసినా ఎనిమిదో తొమ్మిదో. పందులను చూసి బుద్ధి తెచ్చుకోండని నక్క దున్నలకు హితబోధలు కూడా చేసేవాడు. పందులు తనకు ఉండటానికి మంచి గుహ ఇచ్చిన సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

దున్నల రాజ్యంలో సూదెమ్మ అని ఒక ముళ్లపంది ఉండేది. కిందటి ఎండాకాలం పెద్దనదికి నడుస్తూ ఆమె చిన్నకూతురు దారిలోనే ప్రాణం వదిలింది. ఆ దుఃఖం ఆమెకింకా పచ్చిగానే ఉంది. దానితోపాటు ఒక అనుమానమూ పట్టుకుంది. పగలంతా బురదలో పొర్లే పందులు ఏటేటా అంత బొగ్గు ఎప్పుడు తవ్వుతున్నట్టు?

ఆమె ఊరుకునే మనిషి కాదు, అదే, ఊరుకునే ముళ్లపంది కాదు. ముందు తమ కుప్ప ఎక్కి చూసింది. జారుతూ పడుతూ కొనదాకా వెళ్లేసరికి అరవై అడుగులయింది. మర్నాడు తెల్లవారుతూనే ఏరు దాటి పందుల కుప్ప ఎక్కింది. యాభై ఎనిమిది.

కింద ఒక ముసలి పంది దుంపలు తవ్వుకుంటోంది. కొలిచేటప్పుడు నువ్వు చూశావా అని సూదెమ్మ అడిగింది.

"ఎక్కడ చూడనిస్తాడమ్మా? ఏటేటా ఇంకా పెందలాడే వస్తున్నాడు. కిందటేడు మేం కళ్లు నులుముకునేసరికే కొలత అయిపోయింది," అంది పంది.

తమ దగ్గరికి మాత్రం ఆయన సరిగ్గా మిట్టమధ్యాహ్నం వస్తాడు. ఆలోచిస్తూ ఇంటిదారి పట్టిన సూదెమ్మకు తన నీడ కనిపించింది. ఏటి ఒడ్డున ముందుకు సాగి పాకుతున్న నీడ, ఇల్లు చేరేసరికి పొట్టకింద ముడుచుకుంది. ఆమె అక్కడే నిలబడిపోయి చాలాసేపు దాన్నే చూసింది.

వెళ్లి దున్నల పెద్ద కొమ్ముదొరకు చెప్పింది. ఆయన తల విదిలించాడు. నక్క మాట కాదని ముళ్లపంది మాట పందులు వింటాయా అన్నాడు. అదీ నిజమే.

"అయితే నక్క నోటితోనే చెప్పిద్దాం దొరా. ఈసారి పందుల పెద్దనూ పిలవండి. మిగతాది నేను చూసుకుంటాను."

కొలత రోజు వచ్చింది. నక్క తెల్లవారుజామున అవతల కొలిచి, ఏట్లో స్నానం చేసి, మధ్యాహ్నానికి ఇవతలికి వచ్చాడు. పందులది యాభై ఐదు, దున్నలది తొమ్మిది అని తేల్చేశాడు. పందుల పెద్ద మీసం దువ్వుకున్నాడు.

సూదెమ్మ పీతల బుట్టతో ముందుకొచ్చింది. "ఓడాం కదా నక్కబావా, కూలి బాకీ ఎందుకు? ఇలా నిలబడు, ఇప్పుడే పేర్చేస్తాను," అంది.

నక్క కిందికి చూసుకున్నాడు. నీడ కాళ్ల మధ్య నక్కి ఉంది. సూదెమ్మ అందులో ఒక పీతను పెట్టింది. రెండోదానికి చోటు చాల్లేదు.

"ఇదేం అన్యాయం? పొద్దు నడినెత్తిన ఉంటే ఎవరి నీడైనా ఇంతే ఉంటుంది. పొద్దు వాలనీ, అప్పుడు చూడు నా పొడవు," అన్నాడు నక్క కోపంగా.

పందుల పెద్ద ఆ పీతను చూశాడు, తర్వాత దున్నల కుప్పను చూశాడు.

"మా కుప్పను పొద్దు ఎక్కడుండగా కొలిచావు?" అని మెల్లగా అడిగాడు.

నక్క చూపు తిప్పుకుని ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.

ఆ సాయంత్రం నెమలిని గుట్ట మీద కూర్చోబెట్టారు. అది ఒక్క కూత కూయగానే రెండు ఒడ్డుల మీదా ఒకేసారి నీడలు కొలిచారు. దున్నలదే రెండడుగులు ఎక్కువ. మడుగు దున్నలకు వచ్చింది. మమ్మల్ని కూడా మోసగాళ్లను చేశావని పందులు నక్కను గుహలోంచి వెళ్లగొట్టాయి. కూలి కింద దక్కిన ఆ ఒక్క పీతను కరుచుకుని ఆయన అడవి దాటిపోయాడు.

సూదెమ్మ మడుగు దగ్గరికి వెళ్లి నీళ్లు తాగింది. కూతురు గుర్తుకొచ్చి అక్కడే కూర్చుని ఏడ్చింది.

నీతి: ఇద్దరి సంపదను పోల్చాలంటే ఇద్దరినీ ఒకే పొద్దులో నిలబెట్టి కొలవాలి.