డిబ్రాటన్‌కి బయలుదేరిన ఓడ

ఒకానొక రాజ్యంలో, నిండు సభలో, గోడకుర్చీ వేసిన ఒక కుర్రవాడు పక్కన నిలబడ్డ అమ్మాయిని మెల్లగా పిలిచాడు.

"తాయారూ! ఆ శోకకావ్యాలు చెప్పే పెద్దాయన పేరేంటన్నావు? నాకెప్పుడైనా ఆయన పుస్తకం దొరికితే చదువుకుంటాను."

సరిగ్గా అప్పుడే తాయారుకి మొదటిసారి గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే అలాంటి పెద్దాయన ఎక్కడా లేడు. ఆయన్ని పుట్టించి ఇంకా పట్టుమని పది నిమిషాలు కాలేదు. పుట్టించింది తాయారే.

"తర్వాత చెప్తా" అని ముఖం తిప్పేసుకుంది.

అసలు సంగతేమిటంటే, ఆ రాజ్యాన్ని ఏలే ఉత్తుంగవర్మగారికి 'తెలియదు' అనే మాట గిట్టదు. ఎప్పుడో ఓ పరదేశి రాయబారి ఏదో అడిగితే, సభంతా ముక్తకంఠంతో తెలియదు పొమ్మంది. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. "ఇకమీదట నా సభలో ఎవరి నోటైనా ఆ మాట వచ్చిందా, ఆ పూటంతా గోడకుర్చీ! రాజైనా సరే, బంటైనా సరే!" అని చాటింపు వేయించాడు.

ఆ రోగం ఊరికీ పాకింది. బాటసారి దారి అడిగితే తప్పుదారైనా చూపించేవాళ్ళు గానీ, తెలియదనేవాళ్ళు కారు. వైద్యుడు తెలియని జబ్బుకి తెలిసిన మందు ఇచ్చేవాడు.

ఇలా ఉండగా పక్క రాజు సభలో ఎవరో ఇంగ్లీషు పద్యాలు చదివి అర్థాలు చెబుతున్నారని కబురొచ్చింది. ఉత్తుంగవర్మగారికి నిద్ర పట్టలేదు. మన రాజ్యం నుంచి ఒకరిని సముద్రం దాటించి, ఇంగ్లీషు సాహిత్యంలో పెద్ద చదువు చదివించాలని పట్టుబట్టాడు. ఖజానాలో ఒక్కరికి సరిపడా వరహాలే ఉన్నాయి. గురుకులం నుంచి ఇద్దరిని పిలిపించారు. ఒకరు తాయారు, ఇంకొకరు నూకరాజు. ఇద్దరూ కలిసి చదువుకున్నవాళ్ళే. ఒకే పుస్తకాన్ని చెరో పూటా పంచుకున్నవాళ్ళే.

"ఏ విద్యాపీఠానికి పంపుదాం?" అన్నాడు రాజు. "ఏం నేర్పుతారన్నది నాకు అనవసరం. పేరు చెప్పగానే పక్క రాజు నోరు వెళ్ళబెట్టాలి!"

సభలో లచ్చుభొట్లు అని ఒక చమత్కారి ఉండేవాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇంకేముంది ప్రభూ, డిబ్రాటన్! తమకు తెలియనిదా?"

"ఆ... తెలుసు తెలుసు. డిబ్రాటన్. నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

ఆస్థాన పండితుడు మార్తాండశాస్త్రి అందుకున్నాడు. "ఆహా, ఆ గోపురమేమిటి, ఆ గంటలేమిటి! అక్కడి పండితులను వాదంలో మట్టి కరిపించి వచ్చినవాణ్ణి నేను!"

"మా బావమరిది తోడల్లుడి కొడుకు అక్కడే చదివాడు. మొదట్లో చలికి తట్టుకోలేకపోయాడు గానీ తర్వాత అలవాటైందట" అన్నాడు మంత్రి.

రాజు తాయారు వైపు తిరిగాడు. "ఏమమ్మాయీ, డిబ్రాటన్ తెలుసా నీకు?"

తాయారు ఆ పేరు వినడం అదే మొదలు. కానీ ఒక్కటే ఓడ. ఈసారి తప్పితే ఇంక ఈ జన్మకి ఇంతే. గోడ వైపు చూసింది, రాజు వైపు చూసింది. 

"తెలుసు ప్రభూ! చిన్నప్పటి నుంచీ అక్కడ చదవాలన్నదే నా కల. అక్కడ శోకకావ్యాలు చెప్పే పెద్దాయన ఒకరున్నారు. ఆయన పాదాల దగ్గర కూర్చుని పాఠం వింటే చాలు" అంది. గొంతు వణకనైనా వణకలేదు.

సభ చప్పట్లు కొట్టింది.

"నువ్వో?" అన్నాడు రాజు నూకరాజుని.

నూకరాజు బుర్ర గోక్కున్నాడు. "నాకు తెలియదు ప్రభూ. ఓడరేవుకి వెళ్ళి నావికుల్ని అడిగి, అక్కడ ఎవరు ఏం చెప్తారో కనుక్కుని వస్తాను. ఒక్క రోజు గడువిస్తే..."

"గోడకుర్చీ!" అని గర్జించాడు రాజు. ప్రయాణం తాయారుకి ఖాయమైంది.

మోకాళ్ళు గజగజలాడుతుంటే నూకరాజు పెద్దాయన పేరు అడిగింది ఆ గోడ దగ్గర నుంచే. అతను ఆమె మాట నమ్మాడు. అదే ఆమెకి ముల్లులా దిగింది.

రెండ్రోజుల తర్వాత రేవులో సంబరం. తోరణాలు కట్టారు, బాకాలు ఊదారు. రాజు పట్టపుటేనుగు దిగి, ఓడకి స్వయంగా కొబ్బరికాయ కొట్టాడు. తాయారు తలొంచుకుని మూట పట్టుకుని నిలబడింది. ఎవరు దీవించినా తిట్టినట్టే వినిపిస్తోంది.

లచ్చుభొట్లు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ప్రభూ, ఓడ నడిపే సరంగు ఒక చిన్న మాట అడుగుతున్నాడు. ఓడ ముక్కు ఎటు తిప్పమంటారు?"

"ఎటేమిటయ్యా? డిబ్రాటన్‌కి!"

"అవును ప్రభూ, డిబ్రాటన్ ఎటు అని."

రాజు శాస్త్రి వైపు చూశాడు. "చెప్పవయ్యా, మట్టి కరిపించి వచ్చావుగా!"

"చిత్తం... అప్పుడు నేను పల్లకీలో తెరలు దించుకుని వెళ్ళాను ప్రభూ. దిక్కు గమనించలేదు."

"సముద్రం మీద పల్లకీయా శాస్త్రిగారూ! బోయీలకి ఈత బాగా వచ్చేమో!" అన్నాడు లచ్చుభొట్లు. జనం కిసుక్కుమన్నారు.

మంత్రి తూర్పుకి చెయ్యి చూపించాడు. సేనాపతి దక్షిణానికి చూపించాడు. మంత్రి చప్పున చెయ్యి దించేసి తల గోక్కున్నాడు. "మా బావమరిది తోడల్లుడి కొడుకుని అడిగితే ఇట్టే చెబుతాడు ప్రభూ. వాడీ మధ్య ఊళ్ళో లేడు" అన్నాడు.

లచ్చుభొట్లు చూపు తాయారు మీదికి వచ్చింది. ఆమె మూటని గుండెకి హత్తుకుంది. ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, చూపు తిప్పి మళ్ళీ రాజు దగ్గరికే వెళ్ళాడు.

"ఇంక తమరే చెప్పాలి ప్రభూ. తమకు తెలిసిన ఊరేగా! కుడికా, ఎడమకా?"

ఎండ నడినెత్తికొచ్చింది. బాకాల వాళ్ళకి బుగ్గలు నొప్పెట్టాయి. రాజు కిరీటం కింద నుంచి చెమట ధారలు కట్టింది.

"కుడికైతే తెరచాప ఒక రకంగా కట్టాలట, ఎడమకైతే..."

"నాకు తెలియదయ్యా బాబూ! తెలియదు! చంపకు!" అని అరిచాడు రాజు.

బాకాలు ఆగిపోయాయి. 

లచ్చుభొట్లు ఏమీ ఎరగనట్టు సుంకం వసూలు చేసే పాక దగ్గరికి నడిచాడు. దాని గోడని ఉత్తరీయంతో శుభ్రంగా తుడిచాడు. "సిద్ధం ప్రభూ" అన్నాడు.

రాజు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. 'రాజైనా సరే' అన్నది తన నోటి మాటే. పంచె ఎగ్గట్టి, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచాడు. రెండు ఊపిర్లు పీల్చాడో లేదో బొజ్జ ఒకవైపు, కిరీటం ఒకవైపు జారిపోయాయి. రాజు నేల మీద చతికిలపడి, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"అమ్మో, ఇంత కష్టమా ఇది! ఒరే లచ్చుభొట్లూ, నిజం చెప్పు. ఎక్కడుందా డిబ్రాటన్?"

"మా వంటింట్లో ప్రభూ. ఆ పొద్దున మా ఆవిడ దిబ్బరొట్టె మాడ్చింది. ఆ మాడువాసనకి తట్టిన పేరది. లేని ఊరికి మన సభలో ఇంతమంది వెళ్ళొచ్చారంటే నాకే ముచ్చటేసింది!"

రాజు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వులోనే చట్టం రద్దు చేశాడు. మెళ్ళో ముత్యాలహారం తీసి లచ్చుభొట్లు మెడలో వేశాడు. అంతలో నవ్వు ఆపి తాయారు వైపు చూశాడు.

"మరి ఈ పిల్ల? చిన్నప్పటి కల అందే!"

తాయారు మోకాళ్ళు వణికాయి. గోడ లేకుండానే.

"ఆ అమ్మాయి నా మనిషే ప్రభూ. అలా అనమని నేనే నేర్పాను" అన్నాడు లచ్చుభొట్లు తడుముకోకుండా.

"భేష్! ఇంత గడుసుపిల్లనే పంపాలి. ఏ విద్యాపీఠమో నువ్వే ఎంచుకో అమ్మా, రేపు పొద్దున్నే ఓడ బయలుదేరుతుంది!" అని రాజు పట్టుశాలువా కప్పాడు. ఆ శాలువా ఆమెకి నిప్పులా తగిలింది.

జనం పల్చబడ్డాక ఆమె లచ్చుభొట్లు వెనక పరిగెత్తింది. "ఎందుకలా చెప్పారు బాబాయిగారూ? నేను నిజంగానే అబద్ధమాడాను."

"తెలుసమ్మా. రాజు అబద్ధమాడి దొరికితే నవ్వుకుని హారం ఇస్తాడు. నువ్వు దొరికితే నీ బతుకు బుగ్గిపాలవుతుంది. అది చూడలేక నేనూ ఒకటి ఆడాను. ఇప్పుడు నీదీ నాదీ రెండు అబద్ధాలూ నీ దగ్గరే ఉన్నాయి తల్లీ. ఏం చేస్తావో నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడాయన.

ఇంతలో నూకరాజు ఇంకా నొప్పెట్టే మోకాళ్ళు రాసుకుంటూ వచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"ఎంత దొంగవే తాయారూ! నువ్వూ నాటకంలో ఉన్నావా? నేను నిజమనుకుని ఆ పెద్దాయన పేరు కూడా అడిగాను! సరేగానీ విను. ఈ రెండ్రోజులూ రేవులో నావికుల్ని అడిగాను. ఒక విద్యాపీఠంలో పాత నాటకాలు బాగా చెప్తారట. ఇంకోచోట నవలలు. మూడోది చిన్న ఊరే గానీ, కవులే పాఠాలు చెప్తారట. నీకు ఏది ఇష్టం?"

తాయారు నోరు తెరిచింది. చిన్నప్పటి కల అంది గానీ, తనకేది ఇష్టమో ఎప్పుడైనా ఆలోచించిందా? ఇప్పుడా 'తెలియదు' అనే ఒక్క మాటా అనొచ్చు. శిక్ష లేదు, గోడ లేదు. అయినా నోటికి రాలేదు.

ఓడ ఇంకా లంగరు ఎత్తలేదు. నిజం చెబితే ఆ ఓడెక్కేది నూకరాజు. కానీ తనని కాపాడినాయన రాజు ముందు అబద్ధాలకోరుగా నిలబడతాడు. చెప్పకపోతే, ఆ కుర్రవాడు కనుక్కొచ్చిన ఊళ్ళలో ఒకదానికి తను వెళ్ళి, ఏ కావ్యం తెరిచినా గోడ దగ్గర వణికిన అతని మోకాళ్ళే చూస్తుంది.

తెల్లారేలోగా తేల్చుకోవాలి. అందుకే తాయారు ఇంతదాకా విన్న మిమ్మల్నే అడుగుతోంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి? చెప్పండి. తెలియదన్నా తప్పు లేదు, ఆ శిక్ష ఎత్తేశారుగా."