శుక్రవారం తీసిన గోళ్ళు

పిల్లల చేతులకు శస్త్రచికిత్సలు చేసే డాక్టర్ పరిమళాదేవి గారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ పనికీ తామడిగినదానికీ సంబంధమేమిటో అంతుబట్టక కుర్ర డాక్టర్లు తల గోక్కుంటూ వెళ్ళేవారు. ఆవిడ ముఖం చూసి ఏమైనా పట్టుకుందామంటే, అది అప్పుడే తుడిచిన పలకలా ఉండేది.

ఒక గురువారం సాయంత్రం భార్గవ అనే శిష్యుడు ఆవిడ గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. శనివారం ఉదయం అతను స్వయంగా కత్తి పట్టి చెయ్యబోయే మొదటి ఆపరేషను ఉంది. రెండేళ్ళ పాప. కుడిచేతికి బొటనవేలు ఒకటి ఉండవలసిన చోట రెండున్నాయి. ఒకే మొదలు నుంచి చీలి, పెద్దది లోపలివైపు, చిన్నది బయటివైపు పెరిగాయి. చిన్నదాన్ని తీసేసి పెద్దదాన్ని చక్కగా నిలబెట్టాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ రెండేళ్ళ పిల్ల చెయ్యి ఎంతుంటుంది? మన అరచేతిలో పెట్టుకుంటే తమలపాకంత. అందులో నరాలు దారప్పోగుల్లా ఉంటాయి. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా మిగిలిన వేలు పెరిగేకొద్దీ వంకరపోతుంది. పొరపాటు చేసినవాడు మరిచిపోవచ్చు, ఆ పిల్ల మాత్రం బతికినన్నాళ్ళూ దాన్ని చూసుకుంటూనే ఉండాలి.

“మేడమ్, కత్తి తలుచుకుంటేనే నా చెయ్యి వణుకుతోంది. వణక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగాడు భార్గవ.

ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ, “రేపు ఆ పాప గోళ్ళు తియ్యి” అన్నారు.

“నర్సు తీస్తుంది కదా మేడమ్?”

“నువ్వు తియ్యి. రేపే తియ్యి.”

మర్నాడు పొద్దున్నే భార్గవ నెయిల్ కట్టరు పట్టుకుని వార్డులోకి వెళ్ళాడు. పాప పేరు తనూజ. తల్లి రాజేశ్వరి ఒళ్ళో కూర్చుని బిస్కెట్టు నాకుతోంది. పక్కనే నాయనమ్మ నాగరత్నమ్మ. పట్టుచీరలు నేసే కుటుంబం వాళ్ళది. విషయం చెప్పేసరికి నాగరత్నమ్మ చివాలున లేచి మనవరాలి చెయ్యి తన చెంగు కింద దాచేసింది.

“శుక్రవారం పూట ఆడపిల్ల గోళ్ళు తియ్యడమేమిటి బాబూ? మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?”

“రేపే కదా మామ్మగారూ ఆపరేషను? గోళ్ళ కింద మట్టి ఉండకూడదు.”

“అయితే నిన్న తియ్యాల్సింది. గురువారానికేం రోగమొచ్చింది?”

“మా పెద్ద మేడమ్ గారు ఇవాళే తియ్యమన్నారండీ” అన్నాడు.

“ఆవిడింట్లో శుక్రవారం రాదా ఏం?”

రాజేశ్వరికి నవ్వొచ్చింది గానీ అత్తగారి ముఖం చూసి మింగేసింది. భార్గవ లేచి వెళ్ళిపోలేదు. నేలమీద చాప అంచున కూర్చున్నాడు. నాగరత్నమ్మ ఊరి సంగతులు చెప్పింది, మగ్గం సంగతులు చెప్పింది, మనవరాలు పుట్టిననాడు మంత్రసాని ఆ వేలు చూసి అదృష్టమని చెప్పిన సంగతీ, ఇరుగుపొరుగు మరోలా అన్న సంగతీ చెప్పింది. చాలాసేపటికి చెంగు కింద నుంచి ఆ చిన్న చెయ్యి బయటికొచ్చింది. “దోషమంటూ ఉంటే నీకే. మేం ముట్టుకోం” అని అటు తిరిగి కూర్చుంది గానీ, ఓరకంట చూస్తూనే ఉంది.

చిటికెనవేలు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చాడు. బొటనవేళ్ళ దగ్గరికి వచ్చేసరికి రాజేశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది.

“పెద్దమ్మికి తియ్యండి. చిన్నమ్మికి వద్దండి.”

“ఎవరు వాళ్ళు?”

ఆమె సిగ్గుపడింది. “ఈ వేళ్ళేనండి. మా అత్తయ్య పెట్టింది ఆ పేర్లు. పిల్లదీ అలాగే పిలుస్తుంది. చిన్నమ్మికి ఇప్పటిదాకా మేం ఇనుము తగలనివ్వలేదండి. బ్లేడు గానీ, ఇలాంటి కట్టరు గానీ. గోరు పెరిగితే నేనే పంటితో కొరికేస్తాను...”

అనేశాక గానీ ఆ మాట ఆమెకే తగల్లేదు. రేపు పొద్దున్న దానికి తగలబోయేది ఏమిటో ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. పిల్ల ఒక్కతే బిస్కెట్టు చూసుకుంటోంది.

“పోనీ మీరు కదలకుండా పట్టుకోండి, నేను కొరుకుతాను” అంది చివరికి రాజేశ్వరి.

భార్గవ చిన్నమ్మిని మొదలు దగ్గర రెండువేళ్ళతో పట్టుకున్నాడు. తల్లి వంగి మునిపళ్ళతో గోరు అందుకుంది. చక్కిలిగింతపుట్టి పిల్ల చెయ్యి వెనక్కి గుంజింది. ఆ గుంజుడుకి చిన్నవేలు అతని వేళ్ళ మధ్య నుంచి బయటివైపుకి ఎగిరింది. దాని వెంబడే పెద్దవేలూ తెరుచుకుంది. అరంగుళం లేదు గానీ ఎంత బలం! చేపపిల్లని పట్టుకున్నట్టయింది అతనికి.

నాగరత్నమ్మ ఇటు తిరిగింది. “ఈ అబ్బాయి చెయ్యి చూడవే రాజీ, పిల్ల చేతికన్నా ఎక్కువ వణుకుతోంది. రేపు కోసేది నువ్వేనా నాయనా?”

“నేనేనండి. మేడమ్ గారు పక్కనే ఉంటారు.”

“పక్కనుంటే ఏం లాభం? కత్తి నీ చేతిలోనేగా. మాది నేతపని. తెగిన పోగు అతకాలన్నా, మెలిపెట్టాలన్నా ఈ వేలే. దీన్ని వంకరచేసి ఇచ్చావా, పిల్లని మగ్గం దగ్గరికి రానివ్వనట్టే.”

భార్గవ తల వంచుకుని మిగిలిన గోళ్ళు తియ్యడంలో పడ్డాడు.

ఆ సాయంత్రం మళ్ళీ గురువుగారి గుమ్మంలో నిలబడ్డాడు. “మేడమ్, వణుకు ఇంకా పెరిగింది. నిన్నటిదాకా అదొక అదనపు వేలు. ఇవాళ దానికో పేరుంది.”

“గోళ్ళన్నీ అయ్యాయా?” అన్నారావిడ.

“అయ్యాయి.”

“అయితే అన్నం తిని పడుకో.”

అన్నం సహించలేదు, నిద్ర సరేసరి. శనివారం ఉదయం ఆపరేషను గది తలుపు దగ్గర రాజేశ్వరి పిల్లని అందించలేక అందించింది. తనూజ ఏడవలేదు. నిన్న గోళ్ళు తీసిన మనిషేనని గుర్తుపట్టి అతని చొక్కా పట్టుకుంది. ఆ నమ్మకానికి అతనికి మరింత భయమేసింది.

పాపకి మత్తు ఎక్కింది. భుజం దగ్గర బిగించిన పట్టీతో చెయ్యి రక్తం లేక మైనంలా తెల్లబడింది. పరిమళాదేవి గారు చేతిలో పట్కారుతో ఎదురుగా కూర్చున్నారు. భార్గవ చర్మం తెరిచాడు. పుస్తకంలో చదువుకున్నదంతా ఆ భయంలో ఎటో కొట్టుకుపోయింది. ఒక్కటే తోస్తోంది: తొందరగా చిన్నదాన్ని కోసేసి, కుట్టేసి, ఇక్కడి నుంచి బయటపడాలి. చిన్నవేలి మొదట్లో తెల్లగా, సన్నటి నాడాలాంటిది ఒకటి అడ్డం వచ్చింది. దాన్ని తెంపేస్తే వేలు చేతికొచ్చేస్తుంది. కత్తి దాని మీదికి తీసుకెళ్ళాడు.

సరిగ్గా అక్కడ అతని చెయ్యి వణికింది.

నిన్న తన వేళ్ళ మధ్య నుంచి ఎగిరిన చిన్నమ్మి జ్ఞాపకమొచ్చింది. ఆ ఊపు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ నాడాలోంచే కదా? బొటనవేలిని బయటికి తెరిచే కండరం వచ్చి అతుక్కున్నది చిన్నదానికే. పెద్దది ఇన్నాళ్ళూ దాని వెంబడే తెరుచుకుంటోంది. దీన్ని తెంపి పారేస్తే, పెద్దమ్మిని రేపు తెరిచేదెవరు? పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునేదెవరు?

కత్తి ఆగింది. తలెత్తేసరికి గురువుగారి చేతిలోని పట్కారు అప్పటికే అతని కత్తికీ ఆ నాడాకీ మధ్యకి వచ్చి ఆగి ఉంది. ఆవిడ దాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

భార్గవ ఆ నాడాని తెంపలేదు. చిన్నవేలి ఎముక మీద నుంచి, కీలుకు పక్క ఆసరాగా ఉండే పొరతో సహా, చెక్కు తీసినట్టు జాగ్రత్తగా వేరుచేశాడు. చిన్నవేలిని తీసేశాక, ఆ పొరనీ నాడానీ పెద్దవేలి పక్కకి తెచ్చి కుట్టాడు. వేలు తిన్నగా నిలవడానికి లోపల సన్నటి తీగ గుచ్చారు. ఇక పట్టీ వదులు చెయ్యడమే మిగిలింది. వదిలారు. అరచేతిలోకి రంగు వచ్చింది, నాలుగువేళ్ళకీ వచ్చింది. బొటనవేలు మాత్రం తెల్లగా అలాగే ఉండిపోయింది.

పరిమళాదేవి గారు గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ ఆ వేలికి చుట్టి, దానిమీద తన చెయ్యి వేసి కూర్చున్నారు. ఆవిడ గుడ్డ తీశారు. గోరు మొదట్లో, గులాబీరేకు అంచులాగా, రంగు మొదలైంది. అప్పుడు గానీ ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు భార్గవకి వినబడలేదు. ఆవిడా ఊపిరి బిగబట్టే ఉన్నారని అంతవరకూ తెలియలేదు.

కొన్నివారాలు గడిచాక తీగ తీశారు, పిండికట్టు విప్పారు. తనూజ తన చేతిని వింతగా చూసుకుంది. “చిన్నమ్మేది?” అంది. రాజేశ్వరి పిల్లని దగ్గరికి తీసుకుంది. మిగిలిన వేలు కర్రలా బిగుసుకుని ఉంది, కదపదు. భార్గవ బతిమాలాడు, తల్లి బతిమాలింది. ఊహూఁ. చివరికి నాగరత్నమ్మ బొడ్డున దోపుకున్న సంచిలోంచి ఎర్రటి పట్టుపోగు ఒకటి తీసి పిల్ల ముందు ఆడించింది. “నీదేనే, పట్టుకో.”

పిల్ల చూపు పోగు మీద పడింది. బొటనవేలు మెల్లగా బయటికి తెరుచుకుంది. ఆ ఊపు భార్గవ ఎరిగినదే. వేలు మళ్ళీ వాలి, చూపుడువేలిని ఆనుకుని, పోగుని పట్టుకుంది. నాగరత్నమ్మ ఇవతలి కొస పట్టుకుని లాగింది. పోగు బిగిసింది గానీ పిల్ల వదల్లేదు.

“శుక్రవారం దోషం నీకంటలేదులే నాయనా” అంటూ ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళు వెళ్ళాక భార్గవ గురువుగారి దగ్గరికి వచ్చాడు. “మేడమ్, ఆనాడు నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. రేపు వార్డులో కొత్తగా చేరిన పిల్లవాడి ఆపరేషను కూడా నన్నే చెయ్యమన్నారు. నా చెయ్యి అలాగే వణుకుతోంది.”

ఆవిడ అతని చేతి వంక చూశారు. “వాడి గోళ్ళు తీశావా?”

“ఇవాళ మంగళవారం మేడమ్. వాళ్ళ అమ్మమ్మ ఒప్పుకోదు.”

“తెలుసు” అన్నారు పరిమళాదేవి గారు. “అందుకే ఇప్పుడే వెళ్ళు. ఒప్పించడానికి చాలాసేపు కూర్చోవాలి.”