తాబేలు ఎక్కడ పడింది?

అనగనగా అన్న మాటకు కూడా అందనంత పాతకాలంలో, సముద్రపు ఒడ్డున సాగరగిరి అని ఒక రాజ్యం ఉండేదట. దాన్నేలే గజకేసరి మహారాజుకు నీతులంటే మహా పిచ్చి. పాటించడానికి కాదులెండి, చెప్పడానికి! ఏ కథకు ఏ నీతో తానే రాయించి, అది కాక వేరేది చెప్పినవాళ్లకు దేశబహిష్కారమని చాటింపు వేయించాడు.

ఆ వేటు మొదట నూకాలవ్వ మీద పడింది. రేవులో ఉప్పుచేపలమ్ముకుంటూ, ఓడలవాళ్ల దగ్గర విన్న కథలు పిల్లలకు చెప్పే ముసలిది. హంసలు మోసుకెళ్లే కర్రను కరుచుకుని ఎగిరిన తాబేలు, నోరు తెరిచి కిందపడినా చావలేదని చెప్పింది. అదీ ఆవిడ నేరం.

"నా గుడిసె, నా మనవలు ఇక్కడే ఉన్నారు మారాజా. ఈ వయసులో ఎక్కడికి పోను?" అంటూ సభలో అవ్వ మొరపెట్టుకుంది. విదూషకుడు కొమ్మన చప్పున ముందుకొచ్చాడు. ఆ రేవులో ఆడుకుని పెరిగినవాడే మరి.

"ప్రభూ, ఆ కథలో నీతేమిటో సెలవివ్వండి" అన్నాడు.

"నోరు అదుపులో పెట్టుకోవడం. ఆమాత్రం తెలీదూ!"

"అయితే అవ్వ అదే కథ చెబుతుంది. తమరు కిక్కురుమనకుండా వింటే ఆవిణ్ణి ఈ పూటే పంపేయండి. చిన్న చప్పుడు చేసినా ఆవిడ ఇక్కడే ఉంటుంది."

"ఓస్, అంతేనా!" అని రాజు మీసం దువ్వి పెదవులు బిగించాడు.

అవ్వ కళ్లు మూసుకుంది. "తాబేలు ఆకాశంలో పోతోంది నాయనా. కింద దూది పరిచినట్టు మబ్బులు. మబ్బుల సందున ఊళ్లు. ఊళ్ల మీద పొయ్యిపొగ, ఆ పొగలో అన్నం ఉడికే వాసన..."

సముద్రపు గాలికి సభలో తెరలు మెల్లగా ఊగుతున్నాయి. కాపలావాళ్ల కళ్లు మూతలు పడుతున్నాయి. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న రాజు ముఖంలో కొమ్మనకు ఏడేళ్ల పిల్లాడు కనిపించాడు.

"అప్పుడు దూరాన నీలంగా ఏదో కనబడింది..." అని అవ్వ ఆగిపోయింది. ఊ కొట్టందే ఏ అవ్వయినా కథ ముందుకు సాగనిస్తుందా?

కొమ్మన రాజు పెదవులకేసి చూశాడు.

"ఊఁ... తర్వాత?" అన్నాడు రాజు. అని, నాలుక కరుచుకున్నాడు.

"పడ్డారు ప్రభూ!" అని కొమ్మన చేతులు జోడించాడు.

రాజు ముఖం కందగడ్డయింది. "అంటే నేనూ చచ్చినట్టేనా?"

"అదేం మాట ప్రభూ! మన కథలో కింద రాళ్లున్నాయి. తాబేలు చచ్చింది కనుక నోరు మూసుకోమన్నాం. ఓడలవాళ్లది దీవుల దేశం. వాళ్ల తాబేలు నీళ్లలో పడి ఈదుకుంటూ పోయింది. అందుకే భయపడకుండా నోరు తెరిచి అడగమని వాళ్లు పిల్లలకు చెబుతారు. మరి తమరెక్కడ పడ్డారో తమరే సెలవియ్యాలి."

రాజు కాసేపు గుడ్లురిమి చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. "నీళ్లలోనే పడ్డానోయ్!" అన్నాడు.

చాటింపు రద్దయింది. రాజు మెడలోని ముత్యాలహారం కొమ్మన మెడలోకి వచ్చింది, అవ్వకు రేవులో పెంకుటిల్లు దక్కింది. ఆ తర్వాత మహారాజు సింహాసనం దిగి, అవ్వ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"అది సరే గానీ అవ్వా, ఈదుకుంటూ ఎక్కడికి పోయిందీ?"