పడవలో కల్లుముంత

వెనకటికి ఒక ఏటిరేవులో పైడయ్య పడవ నడిపేవాడు. పడవలో కల్లు తాగొద్దన్నందుకు ముంతతో ఎక్కిన ఠాణేదారు వీరభూపతి ఒకనాడు అతని మీద కళ్లెర్రజేశాడు.

"నా నోరు, నా కల్లు. తాగితే తప్పేమిట్రా? ఇంకో మాటంటే రేపటినుంచి నీకీ రేవుండదు."

పైడయ్యకు ఆ రేవే కూడు. జనంతో నిండిన పడవను నడి ఏటికి చేర్చాడు. ఠాణేదారు ముంత మూత తీయగానే గడ పక్కనపెట్టి, ఎదురుగా దోసిలి పట్టి కూర్చున్నాడు.

"పడవలో ఏది విప్పినా తొలి వాటా పడవవాడిదే కదండి. తాతలనాటి ఆచారం. పొయ్యండి బాబూ."

పడవ సుడివైపు తిరిగింది. ఈతరాని ఠాణేదారు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు తాగితే పడవెవడు నడుపుతాడ్రా?"

"తాగితే తప్పేమిటని తమరే సెలవిచ్చారు గదండి."

ఠాణేదారు గబగబా ముంతను ఏట్లో బోర్లించాడు. "ఇది గంగమ్మ మొక్కురా. తాగడానికి తెచ్చాననుకున్నావా?"

"అలాగా బాబూ," అని పైడయ్య గడ అందుకుని జనం వైపు తిరిగాడు. "అయితే అందరూ దణ్ణం పెట్టుకోండమ్మా."