పందిరమ్మ గట్టు మీది చిన్న రాయి

పందిరమ్మ తల్లికి గోపురం లేదు, పైకప్పూ లేదు. రాతి కంబాలపై అల్లుకున్న ద్రాక్షపందిరే ఆమెకు గుడి. అమ్మవారి పాదాల దగ్గర జానెడు ఎత్తు రాయి ఒకటి ఉంటుంది. గట్టెక్కి వచ్చినవారు ముందుగా ఆ రాయి ఎవరిదని అడుగుతారు. అడగవలసిందే.

పూర్వం ఇక్కడ ఓబులమ్మ, చెన్నప్ప అనే దంపతులకు ద్రాక్షతోట ఉండేది. వారికి లేకలేక కలిగిన కూతురు మారెక్క. మూడేళ్ల ఆ పిల్లకు ద్రాక్షపండంటే ప్రాణం. ఓబులమ్మ ప్రతి పండునూ గోటితో చీల్చి, గింజలు తీసి, ఆ తరువాతే బిడ్డ నోట పెట్టేది. ఒకనాడు ఊపిరి సలపని కోత పనిలో ఉండగా పిల్ల కొంగు పట్టుకుని ఏడ్చింది. తల్లి తొందరలో ఒక పండును చీల్చకుండానే పెట్టింది. గింజ గొంతుకు అడ్డం పడింది. వైద్యుడి గడప తొక్కేలోగా తల్లి భుజం మీదనే పిల్ల ప్రాణం పోయింది. ఈ మాట రాయడానికి నేటికీ చెయ్యి రాదు.

బిడ్డను తోటలోనే పూడ్చి, గుర్తుగా రాయి పాతారు. పదకొండోనాడు ఓబులమ్మ తోటంతా నరికేస్తానని కొడవలి పట్టుకు వెళ్లి, ఏడ్చి ఏడ్చి పందిరి కింద సొమ్మసిల్లింది. ఆ మగతలో పచ్చచీర కట్టిన ముత్తైదువ కనిపించింది.

"తీగ నరికితే నీ కడుపుకోత తీరుతాదా తల్లీ? ఈ తీగ గింజలే నాటు. గింజ లేని పండు కాసేదాకా నాటుతానే ఉండు" అని చెప్పి మాయమైంది.

"గింజ ఏసి గింజ లేని పండు రమ్మంటే యాడొస్తాదే పిచ్చిదానా?" అన్నాడు చెన్నప్ప. అంటూనే గుంతలు తానే తవ్వాడు.

మొలిచిన మొక్కలు కాపుకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. పండ్లలో గింజలున్నాయి. వాటినే మళ్లీ నాటారు. మళ్లీ నాలుగేళ్లు, మళ్లీ గింజలే. ఊతకర్ర కట్టి, కడవలతో నీళ్లు మోసి పెంచిన మొక్కలను, కొత్తవాటికి చోటు కోసం, ఆ చేతులతోనే పెరికివేయవలసి వచ్చేది. పెరికిన రోజున ఓబులమ్మ అన్నం ముట్టేది కాదు. ఇలా ఇరవై నాలుగేళ్లు గడిచాయి. చెన్నప్ప కాలం చేశాడు. ఆమె తల ముగ్గుబుట్టయింది.

ఆ ఫాల్గుణంలో మూలనున్న బక్కతీగ ఒకే ఒక్క గుత్తి కాసింది. ఓబులమ్మ ఒక పండును చీల్చింది. గింజ లేదు. ఇంకొకటి చీల్చింది. లేదు. ఒక్క పండు మిగిలేదాకా చీల్చి చూసి, ఇంటివైపు తిరిగి, "మారెక్కా, రామ్మా! గింజ లేదు, తిందువు రా" అని కేకవేసింది. కేకవేశాక గాని గుర్తుకు రాలేదు. ఆ పండును రాతి మీద ఉంచి, పక్కనే ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు.

ఊరివారు ఆమెనూ అక్కడే పూడ్చి, బక్కతీగను పైకి పాకించి, కలలో కనిపించిన తల్లిని పందిరి కింద నిలిపారు. ఆ తీగకు విత్తనం ఉండదు కనుక, కత్తిరింపుల వేళ తీసిన కొమ్మలనే, నాటుకోమని, నేటికీ భక్తులకు ప్రసాదంగా ఇస్తున్నారు.

ఏటా ఫాల్గుణంలో తొలిగుత్తి నుంచి ఒక పండును అమ్మవారికన్నా ముందు చిన్న రాతి మీద ఉంచి, పూజారమ్మ "గింజ ఉందా మారెక్కా?" అని అడుగుతుంది. పిమ్మట ఆ పండునే, వచ్చినవారిలో ఒక మూడేళ్ల బిడ్డకు పెడతారు. ఆ బిడ్డ నమిలి మింగి, "లేదు" అనాలి. ఆ మాట విన్నవారి ఇంట పిల్లలు చల్లగా ఉంటారని తల్లుల నమ్మకం. గింజ లేదని అందరికీ తెలుసు. అయినా ఈ గట్టు మీద గోటితో చీల్చకుండా ఏ తల్లీ బిడ్డ నోట పండు పెట్టదు.