ఐడర్ బాతు గుమ్మం పక్కనే ఎందుకు పొదుగుతుంది

ఒకప్పుడు ఐడర్ బాతులకి మనుషుల పొడ గిట్టేది కాదు. ఎక్కడో ఉత్తరాన, చల్లటి సముద్రం మధ్యలో ఐస్‌లాండ్ అనే దీవి ఉంది కదా, అక్కడి బాతులివి. మనుషులు చూస్తే గుడ్లెత్తుకుపోతారని వాటి భయం. అందుకని ఇళ్ళకి దూరంగా, వట్టి గులకరాళ్ళ మీదే గుడ్లు పెట్టేవి.

ఆ దీవి మామూలు దీవి కాదు. పైన మంచు, కింద నిప్పు. ఒక కొండ పొగలు కక్కుతుంటే పక్క కొండ గడ్డకట్టుకుని ఉంటుంది. ఒకచోట కాలు పెడితే జిల్లుమంటుంది, ఇంకోచోట పెడితే చుర్రుమంటుంది. అలాంటి చోట గుడ్లు పొదగడమంటే మాటలా?

ఒక ఏడు చలి పోవలసిన రోజులు వచ్చినా పోలేదు. డూనా అనే ఐడర్ బాతు అప్పుడే ఐదు గుడ్లు పెట్టింది. మొగుడు "సముద్రంలో కాస్త పనుంది" అని వెళ్ళిపోయాడు. ఆ జాతి మగాళ్ళకి ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే పని పడుతుందిలే.

డూనా గుడ్ల మీద కూర్చుంది. పైన తన ఒళ్ళు వెచ్చగానే ఉంది. కింద రాళ్ళు మాత్రం మంచుముక్కల్లా ఉన్నాయి. గుడ్డు పైభాగం వెచ్చబడేలోగా అడుగుభాగం చల్లబడిపోతోంది. తిప్పితే మళ్ళీ అదే కథ. డూనాకి గాభరా పుట్టి, నిప్పుకొండ దగ్గరికి పరుగెత్తింది.

"కొండయ్యా, కాస్త వేడి పంపు. నా గుడ్లు చల్లబడిపోతున్నాయి."

"నా దగ్గర కాస్త అనేది ఉండదు తల్లీ," అంది కొండ. "పంపితే మొత్తం పంపాలి. అప్పుడు నువ్వూ ఉండవు, గుడ్లూ ఉండవు. నన్ను అడక్కు."

ఆ దగ్గర్లో థోరా అనే ఆవిడ ఇల్లుంది. గోడల మీదా కప్పు మీదా గడ్డి మొలిచిన మట్టిగడ్డల ఇల్లు. ఆవిడ రొట్టెకి పొయ్యి వెలిగించదు. కట్టెలెక్కడివి, చెట్లుంటేగా? పిండి కలిపి, కుండలో పెట్టి, మూత వేసి, వేడినీటి ఊట పక్కన పొగలొచ్చే మట్టిలో పాతిపెడుతుంది. మర్నాడు తవ్వితే రొట్టె తయారు.

డూనా ఇదంతా దూరం నుంచి చూసింది. "చల్లటి ముద్ద పెడితే వెచ్చగా బయటికొస్తోంది. మరి నా గుడ్డు పెడితే?" అనుకుంది. ఒక గుడ్డుని ముక్కుతో దొర్లించుకుంటూ వెళ్ళి ఆ మట్టిలో పాతింది. సాయంత్రం తవ్వి చెవి ఆనించింది. లోపల చప్పుడు లేదు. గుడ్డు ఉడికిపోయింది.

"ఎంత పని చేశావు," అని ఏడ్చింది డూనా.

"నాకేం తెలుసు," అంది వేడిమట్టి. దానికీ బాధేసింది. "ఇక్కడ పాతేవాళ్ళంతా వండమనే పాతుతారు. పొదగమని నాకెవరూ చెప్పలేదు."

ఇక నాలుగు గుడ్లే మిగిలాయి. ఇంకెవరినీ అడగబుద్ధి కాలేదు డూనాకి. తన రొమ్ముకేసి చూసుకుంది. నిండా బూడిదరంగు నూగు, పట్టుకంటే మెత్తన. ముక్కుతో ఒక కుచ్చు పట్టి పీకింది. ప్రాణం పోయినంత పనైంది. దాన్ని గుడ్ల కింద పెట్టి ఇంకో కుచ్చు పీకింది. రొమ్ము బోసిపోయేదాకా పీకుతూనే ఉంది. అప్పటికి గుడ్లు అడుగున కూడా వెచ్చబడ్డాయి.

అప్పుడొచ్చింది తెల్లనక్క.

"వదినా, బాగున్నావా? పొదుగు, పొదుగు. నాకేం తొందర లేదు. గుడ్డుకంటే పిల్ల రుచి. ఇరవయ్యో రోజుకి వస్తాను," అని తోక ఊపుకుంటూ పోయింది.

ఆ వేళనుంచి డూనాకి కంటి మీద కునుకు లేదు. ఆ రోజుల్లో అక్కడ చీకటి కూడా పడదు. పొద్దు ఆకాశం అంచున తిరుగుతూనే ఉంటుంది. దాక్కోవాలంటే ఎక్కడ దాక్కుంటుంది? నక్క రాని చోటు ఒక్కటే, థోరా గుమ్మం. అక్కడ కుక్క ఉంది. కానీ మనిషి కూడా ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నక్క తింటానని చెప్పింది. మనిషి ఇంకా ఏమీ చెప్పలేదు," అనుకుంది డూనా. గుడ్లు ఒక్కొక్కటే దొర్లించింది. ఒకదాన్ని తీసుకెళ్తుంటే మూడింటి మీద బెంగ. మూడింటి దగ్గరికి వస్తే ఆ ఒక్కదాని మీద బెంగ. చివరికి నూగు కూడా నోటితో మోసుకొచ్చి గోడ వారన గూడు పెట్టింది. కుక్క తలెత్తి చూసి, "నక్క కాదుగా," అని మళ్ళీ పడుకుంది.

ఆ ఇంట్లో థోరాకి నెలపిల్ల ఉంది, పేరు లోవా. చలికి ఆ పిల్ల పెదాలు నీలంగా మారాయి. పాలు కూడా సరిగ్గా తాగట్లేదు. ఉన్న గొంగళ్ళన్నీ కప్పినా చాలట్లేదు. థోరా ఏ పని చేస్తున్నా మనసు ఉయ్యాల దగ్గరే ఉండేది.

ఒక పొద్దున థోరా తలుపు తీస్తే గూడు కనబడింది. డూనా నీళ్ళు తాగడానికి వెళ్ళింది. థోరా గుడ్లు ముట్టుకోలేదు. నూగంతా ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది.

డూనా వచ్చేసరికి గుడ్లు వట్టి నేల మీద ఉన్నాయి. ముక్కుతో తలుపు కొట్టింది. కొడుతూనే ఉంది. థోరా తలుపు తీసింది.

"గుడ్లు తియ్యలేదమ్మా. ఆ మెత్తటిదే తీశాను. నీకేం, ఇంకెక్కడైనా ఏరుకొచ్చుకుంటావు."

"అది ఏరుకొచ్చింది కాదమ్మా," అని డూనా రొమ్ము ఎత్తి చూపించింది. చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

థోరా ఒకసారి ఉయ్యాలకేసి, ఒకసారి గూటికేసి చూసింది. లోపల లోవా పుట్టాక మొదటిసారి వెచ్చగా నిద్రపోతోంది. బయట నాలుగు గుడ్లు చల్లబడుతున్నాయి. నూగు తీసిస్తే పిల్ల ఏమవుతుందో. ఇవ్వకపోతే గుడ్లేమవుతాయో. ఆలోచిస్తూ నిలబడితే ఆ ఆలస్యానికే పోయేలా ఉన్నాయి.

సగం నూగు తెచ్చి ఇచ్చేసింది. మిగతా సగానికి బదులు గొర్రెలకని దాచిన ఎండుగడ్డి మెత్తగా నలిపి గుడ్ల కింద పరిచింది.

"నీ పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా ఈ సగం నీది. దిగాక అదీ నాకిచ్చెయ్యి. అందాకా నక్క సంగతి నేను చూసుకుంటాను."

"చల్లబడ్డాయి కదమ్మా. బతుకుతాయంటావా?"

"నాకు తెలీదమ్మా," అంది థోరా. "కూర్చో. చూద్దాం."

డూనా కూర్చుంది. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అడుగులు కూడా మెల్లగా వేశారు. థోరా రోజూ వచ్చి "కదిలాయా?" అని అడిగేది. "లేదు," అనేది డూనా. ఇద్దరికీ తిండి సహించేది కాదు.

ఇరవయ్యో రోజు నక్క మాట తప్పకుండా వచ్చింది. గుమ్మంలో థోరా కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్ల, చేతిలో పడవ తెడ్డు. పక్కన కుక్క.

"మా వదినకి చుట్టాలెక్కువయ్యారే," అని గొణుక్కుంటూ నక్క వెనక్కి తిరిగింది.

అది అటు పోగానే డూనా కింద ఒక గుడ్డు టక్‌మంది. తర్వాత రెండోది, మూడోది. నాలుగోది మధ్యాహ్నం దాకా ఉలకలేదు, పలకలేదు. ఇద్దరు తల్లులూ ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి అదీ టక్‌మంది. థోరా ఏడ్చేసింది.

మర్నాడు పిల్లలు నీళ్ళలోకి దిగాయి. డూనా మిగిలిన నూగు వదిలేసి వెళ్ళింది. మరుసటి ఏడు అదే గుమ్మానికి తిరిగొచ్చింది. ఒక్కతే రాలేదు, వెనకాల ముప్పై బాతులొచ్చాయి.

అప్పటినుంచే ఐడర్ బాతు తన రొమ్ము నూగు తానే పీక్కుని గూడు కడుతుంది. మనుషుల ఇళ్ళకి దగ్గరగా పొదుగుతుంది. అక్కడివాళ్ళు ఆ రోజుల్లో మెల్లగా నడుస్తారు. నక్కల్ని రానివ్వరు. నూగు తీసి గడ్డి పెడతారు. తన కింద చెయ్యి పెట్టినా ఆ బాతు లేచిపోదు. కానీ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ దాని గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటుందో, ఆ వేళ్ళకి తెలుస్తుంది.