నూను ఇంకా కాలేదు దొరా!

దొరల కాలంలో కాలవల అధికారి డాల్టన్ దొర ఒకసారి దండోరా వేయించాడండీ. కాలవ నీళ్లు కావాలన్న ఊరు సోమవారం నూను లోపల అర్జీ ఇవ్వాలని. నూను అంటే మధ్యాహ్నం పన్నెండు.

రేవుదిబ్బ ఊరి అర్జీ తెచ్చినవాడు జోజయ్య, చర్చిలో గంట కొట్టేవాడు. దారిలో పడవ ఇసుకమేటలో కూరుకుపోయింది. కచేరీ చేరేసరికి ఒంటిగంట. అక్కడ ఊళ్లో నారుమళ్లు ఎండిపోతున్నాయి.

"నూను దాటింది, పో!" అన్నాడు దొర.

"దాటలేదు దొరా, ఇంకా రెండు గంటలుంది."

"ఏమోయ్, ఇంగ్లీషు నాకే నేర్పుతావా?"

"ఎంతమాట! మా పాదిరీగారు చెప్పారు. నూను అంటే లాటిన్‌లో తొమ్మిదోదట. పొద్దుపొడుపు నుంచి తొమ్మిదో గంట, అంటే మూడింటి ప్రార్థన. ఉపవాసమున్న సన్యాసులు అది అయితేగాని ముద్ద ముట్టకూడదు. ఆకలికి ఆగలేక ఆ ప్రార్థననే మెల్లమెల్లగా పన్నెండుకి జరిపేశారట!"

చెబుతుంటే జోజయ్యకే ఒళ్లు గగుర్పొడిచింది. ఎన్ని వందలేళ్ల ఆకలండీ, ఆ ఒక్క చిన్న మాటలో!

దొర లావుపాటి నిఘంటువు తిరగేశాడు. అక్షరాలా నిజం! కాసేపు ఆ పేజీ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"అన్నం కోసం మీ పెద్దలు మూడు గంటలు జరిపారు. మా నీళ్ల కోసం మీరు ఒక్క గంట జరపలేరా బాబూ?"

దొర అర్జీ అందుకుని, 'నూను లోపలే ముట్టింది' అని రాశాడు.

అంతలో బట్లరు వచ్చాడు. "దొరా, భోజనం వడ్డించాను."

దొర జోజయ్య వైపు చూసి నిట్టూర్చాడు.

"తీసుకుపో. ఇంకా నూను కాలేదు."